కొసరు చేపలు

నవంబరు 3

ఈ డైరీ జనవరిలో ఉప్పు కంపెనీ వాళ్ళు ఇచ్చింది. ఇన్నాళ్ళూ గల్లాపెట్టె ఊగకుండా దాని కాలి కింద పెట్టాను. ఇవాళ బయటికి తీశాను. పెట్టె ఊగుతోంది. ఊగనీ.

సంగతేమిటంటే ధనశ్రీకి భువనేశ్వర్ నుంచి ఫోనొచ్చింది. తన ఆఫీసు పెద్ద సౌమ్యరంజన్ బాబు చేశాడు. లక్షద్వీపాల్లో ఒక చిన్న దీవికి రెండు నెలలు పంపిస్తారట. నీళ్ళలో దిగి పగడాలనీ చేపల్నీ కళ్ళారా చూసి రాసుకురావాలట. పోటీలో మిగిలింది ఇద్దరే. ఒకరు మా ధనశ్రీ, ఇంకొకరు కొరాపుట్‌లో ఉండే లిప్సా. ఈ నెలంతా ఇద్దరికీ ఒకే వీడియోలు పంపిస్తారు. ఎవరి లెక్కలో తప్పుల్లేకపోతే వాళ్ళు ఓడెక్కుతారు.

"ఏటంతావు బావా?" అంది. మేనమామ కూతురు కనక పెళ్ళయి మూడేళ్ళయినా బావా అనే పిలుస్తుంది.

"నాకేటభ్యంతరం? ఎల్లిరా," అన్నాను.

మా తాత కళింగపట్నం నుంచి నెత్తళ్ళ బస్తాతో ఈ ఒడిశా కొండలెక్కి లక్ష్మీపూర్‌లో ఎండుచేపల కొట్టు పెట్టాడు. మూడు తరాలుగా సముద్రమే మాకు తిండి పెడుతోంది. అయినా మా ఇంట్లో ఒక్కరూ మోకాలు దాటి నీళ్ళలో దిగలేదు. ఇప్పుడు కోడలు దిగుతానంటోంది. కింద కొట్లో నేను చచ్చిన చేపలు అమ్ముతాను, పై గదిలో తను బతికున్న చేపల్ని లెక్కపెడుతుంది. సముద్రం అడుగున కెమెరా పెట్టి తీసిన వీడియోలు కంప్యూటర్లోకి వస్తాయి. ఏ రకం చేపలు ఎన్ని ఉన్నాయి, పగడాలు మంచి రంగులో ఉన్నాయా, వేడికి పాలిపోయి తెల్లబడ్డాయా, అవన్నీ రాసి పంపాలి. దీనికి జీతమిస్తారంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

నాకు మాత్రం ఏ అభ్యంతరమూ లేదు.

నవంబరు 4

లేదు.

నవంబరు 8

సంత. చలికి ముసుగులు పెట్టుకుని పొద్దున్నే కొండల మీంచి జనం దిగిపోయారు. కుంతి వచ్చిందంటే మా కొట్టుకు బోణీ అయినట్టే. పై ఊరి మనిషి, మా నాన్న ఉన్నప్పటి నుంచీ వస్తోంది. సావడాయలు, రిబ్బనులా పొడుగ్గా ఉండే ఎండుచేపలు, లెక్కన అమ్ముతాం. పది లెక్కపెట్టి ఆమె గంపలో వేశాను. కుంతి కదల్లేదు. చెయ్యి చాపి "ఫావు?" అంది. మనం కొసరు అనేదాన్ని ఇక్కడ ఫావు అంటారు. పదికొకటి కొసరు, తాత పెట్టిన పద్ధతి. పదకొండోది పడితేనే కుంతి గంప లేస్తుంది.

నిజం చెప్పాలంటే కొసరు కొన్నవాళ్ళ కోసం కాదు, అమ్మినవాడి చేతి కోసం. అది వేయకపోతే రోజంతా ఏదో మరిచిపోయినట్టుంటుంది.

ధనశ్రీ సాయంత్రం నుంచి దుప్పటి కప్పుకుని కూర్చుంది. చలి అంటోంది. అందరికీ చలే కదా అన్నాను.

నవంబరు 9

చలి కాదు, చలిజ్వరం. డాక్టరు మాత్రలిచ్చాడు. మంచం మీద వణుకుతూ కూడా వీడియో గోలే. ఇవాళ్టికి ఒకటి పంపాలట.

"నువ్వు లెక్కెట్టీ బావా. నాను లేచి ఓపాలి సరిసూసి పంపుతాను," అంది. ఏ చేప ఏదో బొమ్మల కాగితం ఇచ్చింది.

మధ్యాహ్నం కొట్టు మూసి పైకెక్కాను. చిన్నప్పటి నుంచీ చేపల మధ్యే పెరిగాను కానీ, చేప మొహం ఎలా ఉంటుందో ఇవాళే చూశాను. మా దగ్గరికి వచ్చేసరికి దానికి మొహమనేది ఉండదు. ఇవి అలా కాదు. ఒకటి తిన్నగా కెమెరా దగ్గరికొచ్చి, బేరం కుదరని పెద్దమనిషిలా నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. చిలక చేపలట, పేరుకు తగ్గ పచ్చ రంగు, పేరుకు తగ్గ ముక్కు. పగడాల మీద పట్టిన నాచుని ఆ ముక్కుతో గీకి తింటాయి. వీడియో ఆపి, ఒక్క చూపులో ఎన్ని కనిపిస్తే అన్ని రాయాలి. కాసేపటికి కిందికి దిగాలనే అనిపించలేదు. అమ్మ రెండుసార్లు పిలిచింది.

అన్నీ లెక్కపెట్టాక చివర్న పదికొకటి కలిపాను. చెయ్యి దానంతటదే కలిపేసింది. పోనీలే, అంత సముద్రం ముందు పిసినారితనం చేస్తే ఏం బాగుంటుంది?

తను నిద్రపోతోంది. లేపడమెందుకని నేనే పంపేశాను.

నవంబరు 10

జ్వరం తగ్గింది. వీడియో పంపేశానంటే, "సూడకుండానే పంపీసేవా?" అని ఒక్క క్షణం కంగారుపడి, తర్వాత నవ్వి, "మా బావ బంగారం," అంది. నెత్తళ్ళు వేయిస్తే లొట్టలేసుకుంటూ తింది.

నేను బంగారం. ఇది రాసి పెట్టుకోవాలి.

నవంబరు 13

లిప్సా ఫోన్ చేసింది. పోటీలో ఉన్నా ఇద్దరికీ స్నేహమే. ఒక వీడియోలో తన లెక్కకీ ధనశ్రీ లెక్కకీ పొంతన లేదట, సౌమ్యరంజన్ బాబు అడిగాడట. ఇంకోటి కూడా తేడా వస్తే ఎవరిది తప్పో తేల్చి, వాళ్ళని పక్కన పెడతారట.

"జ్వరంనాటిది కాబోలు. కొత్త కదా నీకు, ఏదో ఒకటి రొండుసార్లు లెక్కెట్టుంటావు. ఒక్కదానికి పర్వానేదులే," అంది ధనశ్రీ.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లేచి దుకాణం తలుపు వేసుందో లేదో చూసొచ్చాను. కొసరు సంగతి చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది.

నవంబరు 14

ఇవాళ చెప్పాలి.

నవంబరు 15

బస్తాలు దిగాయి. ఊపిరి సలపలేదు.

నవంబరు 17

ఇవాళ పార్సెల్లో నీళ్ళద్దాలూ ఊపిరి గొట్టమూ వచ్చాయి. ధనశ్రీ పెరట్లో ప్లాస్టిక్ తొట్టె నిండా నీళ్ళు పోసి, అద్దాలు పెట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని తల ముంచింది.

అమ్మ చూసి కేక పెట్టింది. "ఓలమ్మో! ఒరే సిన్నబ్బాయి, పిల్ల తొట్టిలో తలెట్టీసింది! ఏటే అమ్మీ, నీకేటి కష్టమొచ్చిందే?"

ధనశ్రీ తలెత్తి, "ఊపిరి నేర్సుకుంతన్నానత్తా," అంది.

"ఇరవైతొమ్మిదేళ్ళు పీల్సేవు కదే! ఇంకా నేర్సుకోడమేటి?"

ముగ్గురం నవ్వాం. మళ్ళీ తల ముంచింది. గొట్టంలోంచి బుసబుసమని గాలి వస్తోంది. ఎంతకీ తల ఎత్తదు. నాకు తెలీకుండానే నేనూ ఊపిరి బిగబట్టాను. చివరికి లేచింది. అద్దాల లోపల ఆ కళ్ళు వెలిగిపోతున్నాయి. పెళ్ళినాడు కూడా అంత వెలుగు చూసిన గుర్తు లేదు.

భయమేసింది. మునిగిపోతుందని కాదు. అక్కడ హాయిగా ఉంటుందని.

నవంబరు 18

నీళ్ళలో దిగొచ్చని ఇద్దర్నీ తెమ్మన్న డాక్టరు కాగితం కోసం అమ్మని తోడు తీసుకుని ధనశ్రీ రాయగడ వెళ్ళింది. కొత్త వీడియో లెక్క పూర్తి చేసి కంప్యూటర్లో అలాగే ఉంచింది. రాగానే పంపుతానంది.

కొట్లో బేరాల్లేవు. పై గది ఊడ్చాను.

అలవాటంటే అలవాటే మరి. చెయ్యి ఊరుకోదు.

నవంబరు 19

నిన్న పై గది ఊడవకుండా ఉండాల్సింది. దుమ్ము కూడా పెద్దగా లేదు.

తను రాత్రే చూసుకోకుండా పంపేసింది. ఎందుకు చూసుకుంటుంది, తను చేసిన లెక్కే కదా.

నవంబరు 22

రాయాలని లేదు. రాస్తాను.

సంత రోజు. కొట్టు నిండా జనం. కుంతి గంపలో పది వేశాను, కొసరు ఇంకా వేయలేదు. ధనశ్రీ పైనుంచి దిగొచ్చింది. సంత రోజున తను కిందికి రాదు. నా పక్కన నిలబడి, బుట్టలోంచి సావడాయలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. పది పెట్టింది. ఆగింది. అచ్చం నేను విసిరినట్టే మణికట్టు తిప్పి, పదకొండోది వాటి మీద పడేసింది. ఆ మణికట్టు మీద నూనె చిందిన మచ్చ ఉంటుంది. నేను ఆ మచ్చనే చూస్తూ ఉండిపోయాను.

"ఏటిది బావా?" అంది.

"కొసరు," అన్నాను.

"సౌమ్యరంజన్ సార్ ఫోన్ సేసేరు. రొండు వీడియోలు తేడా అంట. మల్లీ కూకొని లెక్కెట్టేను. పది చిలక చేపలుంటే పదకొండు రాసుంది. ఇరవై సీతాకోక చేపలుంటే ఇరవై రొండు. పదికి తక్కువున్న రకమేదీ పెరగనేదు. లోకంలో ఇలగ లెక్కెట్టే కొంప ఇదొక్కటే."

నేను నవ్వబోయాను.

"జ్వరంనాటిది నీ సెయ్యి అలవాటు. అది నాను నమ్ముతాను. మరి రొండోదేటి?"

నేను గల్లాపెట్టె మూత తెరిచి మళ్ళీ వేశాను.

"ఆ దీవోళ్ళు మా లెక్క సూసే, ఎక్కడ వలెయ్యాలో ఎక్కడ ఎయ్యకూడదో కూకొని తేల్చుకుంతారు. చిలక చేపలు బాగున్నాయంటే అక్కడ పడతారు. నువ్వు కలిపినియ్యి సముద్రంలో నేవు బావా. ఆటిని నమ్మి వలేత్తే ఉన్నియ్యి పోతాయి. అయ్యి పోతే నాచు గీకే దిక్కుండదు. పగడాలు దాని కిందే సచ్చిపోతాయి."

తను పైకెళ్ళిపోయింది. బల్ల అవతల కుంతి చాపిన చెయ్యి అలాగే ఉంది. "ఫావు?" అంది. పదకొండో చేప తీసి ఆమెకిచ్చాను.

నవంబరు 23

అమ్మ వడ్డించింది. పై గది తలుపు వేసే ఉంది.

నవంబరు 24

రెండోది అలవాటు కాదు.

మొదట ఇక్కడ రాసుకున్నాను, తర్వాత పైకెళ్ళి తనకి చెప్పాను. ఇన్నాళ్ళూ ఈ డైరీకి కూడా అబద్ధమే చెప్పాను, పాపం ఇది ఏమీ అనలేదు.

"రొండోది ఎందుకేసేనంటే, నువ్వు ఎల్లకూడదని. రొండోది తేడా వత్తే తీసీత్తారని నువ్వే సెప్పేవు. అది ఇని ఏసేను," అన్నాను.

తను కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెలుసు. నీ నోటితో సెప్తావో సెప్పవో అని సూసేను," అంది.

"చెమించీ అమ్మీ."

"ఆ మాట తరవాత సూద్దాం. ముందు ఆళ్ళకి సెప్పు. నాను దొంగ లెక్క రాసేనని లిప్సా కూడా అనుకుంతంది."

తన ఎదురుగానే ఫోన్ చేశాను. నాకు వచ్చిన హిందీ సగం, సంతలో నేర్చిన ఒడియా సగం కలిపి సౌమ్యరంజన్ బాబుకి మా తాతనీ సావడాయల్నీ కొసరునీ వివరించాను. ఆయన మొదట, "ఫావా? చేపల లెక్కకి ఫావా?" అని పడీ పడీ నవ్వాడు. ఆఫీసులో ఇంకెవరినో పిలిచి చెప్పి మళ్ళీ నవ్వాడు. తర్వాత నవ్వాపి, "రెండోసారి కూడా అలవాటేనా?" అని అడిగాడు.

కాదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ధనశ్రీ వేళ్ళు బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ వేళ్ళు చూస్తే తెలిసింది, ఆ దీవి తనకి ఎంత కావాలో. మూడు వారాలుగా నాకు మాత్రం నేను ఒక్కణ్ణే కనిపించాను.

చివరికి ఆయన చెప్పింది ఇది. ఆ రెండు వీడియోల లెక్కలూ కొట్టేస్తారు. ఇద్దరు అమ్మాయిలూ కొరాపుట్ వచ్చి, ఒకే గదిలో, ఆయన ముందు కొత్త వీడియో లెక్కపెట్టాలి. నేను మాత్రం గదిలోకి రాకూడదు.

నవంబరు 28

కొరాపుట్. ధనశ్రీని గది గుమ్మం దాకా దింపి, ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని బడి పంతులు ఊరికే చెప్పలేదు. టీ మీద టీ తాగాను. బడ్డీవాడు నాది కోర్టు కేసనుకుని ధైర్యం చెప్పాడు.

ముందు లిప్సా వచ్చింది. చిన్నపిల్ల, గలగల మాట్లాడుతుంది. నన్ను చూసి, "ఫావ్ బాబూ, నమస్కారం!" అంది. ఆ పేరు ఇక ఒడిశా అంతా పాకుతుంది, నాకు తెలుసు. తర్వాత, "దీదీ గెలిచింది. నాకు ఒక చేప తప్పింది. ఇసుక మీద పడుకుంది, ఇసుక రంగే. నేను చూస్తే ఇసుకే కనిపించింది," అంది. మొహం కాస్త వాడింది కానీ వెంటనే నవ్వేసింది. తన టీకి డబ్బులు నన్నే ఇమ్మంది. ఇచ్చాను.

ధనశ్రీ వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చుంది. ఎలా కనిపెట్టావని అడిగాను.

"ఈతకొట్టే చేపల్ని అందరూ సూత్తారు బావా. మూడేళ్ళ నుంచీ మనింట్లో నాను సూత్తన్నయ్యన్నీ పడుకున్న చేపలే కదా," అంది.

ఆరు రోజుల తర్వాత నా మొహం చూసి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. బడ్డీవాడు కేసు ఓడిపోయాననుకున్నాడు.

డిసెంబరు 6

అమ్మ ధనశ్రీ సంచిలో నాలుగు పొట్లాలు ఎండు నెత్తళ్ళు పెట్టింది. సముద్రం మధ్యకి ఎండుచేపలేమిటే అంటే, "అక్కడ పచ్చియ్యి దొరుకుతాయిరా. ఎండియ్యి ఎవులిత్తారు?" అంది. సంచి జిప్పు నేనే వేశాను.

డిసెంబరు 8

రాయగడ స్టేషన్. ఇక్కణ్ణుంచి విశాఖ, విశాఖ నుంచి కొచ్చి, కొచ్చి నుంచి ఓడ. ఓడ పేరెత్తితేనే నాకు భయం. తనకి లేదు.

చెప్పాల్సినవన్నీ దారిలో అనుకుంటూ వచ్చాను. రైలు రాగానే సంచి ఎక్కడ పెట్టాలన్న గొడవలో అన్నీ మరిచిపోయాను. రైలు కదిలాక కిటికీ పక్కన నడుస్తూ, "చెమించేవా?" అని అరిచాను. స్టేషన్లో సగం మంది తిరిగి చూశారు.

"పై గది రోజూ ఊడువు బావా!" అని తనూ అరిచింది.

ఇంటికొచ్చి ఊడ్చాను. ఈసారి నిజంగా చీపురుతోనే.

డిసెంబరు 9

ఇల్లు పెద్దదైపోయింది.

డిసెంబరు 15

చేరింది. ఓడలో అందరూ డోకులట, తను తప్ప. అక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు. ఒక్క మాట వినిపించి నాలుగు పోతున్నాయి. పగడాలు కొన్ని చోట్ల తెల్లగా అయిపోయాయని చెబుతూ గొంతు తడబడిందో, సిగ్నలే తడబడిందో. నెత్తళ్ళు దీవిలో అందరికీ తెగ నచ్చాయట. అమ్మ నా వైపు చూసింది. తల దించుకున్నాను.

నాకు బెంగగా ఉంది. అభ్యంతరం లేదు, బెంగగా ఉంది. రెండూ వేరని ఈ వయసులో తెలిసింది.

జనవరి 2

ఉప్పు కంపెనీ వాళ్ళు కొత్త డైరీ ఇచ్చారు. దాన్ని గల్లాపెట్టె కాలి కింద పెట్టాను. పెట్టె ఇప్పుడు ఊగడం లేదు.

మధ్యాహ్నం ధనశ్రీ దగ్గర్నుంచి వీడియో వచ్చింది. ఆఫీసుకు కాదు, నాకు. తనే నీళ్ళలో దిగి తీసింది. కింద ఒక్క మాట రాసింది, 'లెక్కెట్టు' అని.

కొట్టు మూసి పైకెక్కాను. ఒక పక్క పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఇంకో పక్క ఇంకా రంగుంది, అక్కడే చేపలు తిరుగుతున్నాయి. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి లెక్కపెట్టాను. సీతాకోక చేపలు పది. చిలక చేపలు నాలుగు. ఇసుక మీద పడుకున్నది ఒకటి ఉంటుందని తెలుసు. వెతికాను, దొరికింది. కుంతి బల్ల అవతల నిలబడినట్టే ఉంది, నా చెయ్యి దురదపెడుతూనే ఉంది. పదిని పదిగానే రాశాను.

వీడియో అయిపోయిందనుకుని ఆపబోతే, చిట్టచివర్న కెమెరా ముందుకి ఒక చెయ్యి వచ్చింది. నీళ్ళలో మెల్లగా అటూ ఇటూ ఊగింది. మణికట్టు మీద నూనె మచ్చ. ఊగి ఊగి, ఏదో పడేస్తున్నట్టు ఒక్కసారి మణికట్టు తిప్పి వెళ్ళిపోయింది.

ఉన్నవి ఉన్నట్టు రాసి పంపాను. చెయ్యి లెక్కలో రాయలేదు. అది నాకు వేసిన కొసరు.